గొర్రెల మందకు గేట్ పాస్

కరోనా తగ్గి క్లాసులు మళ్లీ గాడిన పడిన ఏడాది, జూన్‌లో నన్ను కడప పీజీ సెంటర్ నుంచి కర్నూలులోని ప్రధాన క్యాంపస్‌కు వేశారు. అంతవరకూ పరీక్షల విభాగంలో సూపరింటెండెంట్‌ని. ప్రమోషన్ మీద అసిస్టెంట్ రిజిస్ట్రార్‌గా వచ్చాను. రాగానే ఎస్టేట్ విభాగం నా నెత్తిన పెట్టారు. ఎస్టేట్ అంటే భవనాలు, రోడ్లు, నీళ్లు, గేట్లు, చెట్లు, వీధికుక్కలు. ఒక్కమాటలో చెప్పాలంటే చదువు తప్ప మిగతావన్నీ.

క్యాంపస్ కల్లూరు దాటాక ఉంటుంది. ముందువైపు తారురోడ్డు, పూలకుండీలు చూసి మోసపోకూడదు. హాస్టళ్ల వెనక్కి వెళితే గరుకు నేల, రాళ్లు, తుమ్మచెట్లు. నేను వచ్చేసరికే విద్యార్థుల గ్రీన్ క్లబ్ ఒకటి నడుస్తోంది. కారే కుళాయిలు మార్పించారు, మెస్‌లో ప్లాస్టిక్ గ్లాసులు మాన్పించారు. వారానికో అర్జీ. మొదట్లో నాకు చిరాకే వేసేది. ఈ పిల్లలకు పరీక్షలు లేవా, అసైన్‌మెంట్లు లేవా అని సణుక్కునేదాన్ని.

మరుసటి ఎండాకాలం ఒక అర్జీ వచ్చింది. హాస్టల్ వెనక ఖాళీ నేలలో మెస్‌కు కావలసిన కూరగాయలు పండిస్తామని, అందుకు ముందుగా గొర్రెల మందను ఆపించుకోవడానికి అనుమతి ఇవ్వాలని. కింద సంతకం చేసిన అమ్మాయి ఎస్తేరు. కోడుమూరు పక్క పల్లె. ఎమ్మెస్సీ వృక్షశాస్త్రం మొదటి ఏడాది. అమ్మానాన్నలు కొద్దిపాటి చేను చేసుకుంటూ కూలికి పోతారు. పిలిపించి, ఇదేమిటని అడిగాను.

"ఎరువుల బస్తాలు కొనకూడదని క్లబ్‌లో అనుకున్నాం మేడమ్. మా ఊర్లో అందరూ చేన్లకు మంద ఆపిస్తారు. నేల శానా బాగైతాది. ఈడ కూడా అట్లే చేస్తాం" అంది.

తెలియనివారికి చెబుతాను. పంట కోసిన చేనులో కొన్ని రాత్రులు గొర్రెల మందను పడుకోబెడతారు. అవి వేసే పెంటికలు, పోసే మూత్రమే నేలకు ఎరువు. సీమలో ఇది తాతల నాటి పద్ధతి. నేను కడప టౌనులో పుట్టి పెరిగాను, వినడమే తప్ప చూడలేదు. నిజం చెప్పొద్దూ, నాకే చూడాలనిపించింది. కాపరికి కూలి కింద ఇచ్చే బియ్యం పిల్లలే పోగుచేసుకుంటామన్నారు కాబట్టి కొటేషన్ల గొడవ కూడా లేదు.

గొడవంతా గేటు దగ్గర వచ్చింది. మా దగ్గర గేట్ పాస్‌లు రెండు రకాలు. లోపలికి వచ్చి మళ్లీ బయటికి పోయే సామానుకు ఒకటి. షామియానాలు, కుర్చీలు, మైకుసెట్లు ఆ కోవలోవి. వచ్చి ఇక్కడే ఉండిపోయే సిమెంటు, ఇసుక, బియ్యం లాంటివాటికి ఇంకొకటి. గొర్రెలు ఏ కోవలోకి వస్తాయని మా సెక్షన్ గుమాస్తా వినయంగా అడిగాడు. ఆలోచించాను. మంద తిరిగిపోతుంది, పెంట ఉండిపోతుంది. రెండు పాస్‌లూ రాయించి సంతకం పెట్టాను. నవ్వకండి, నిబంధన ప్రకారం అదే సరైనది.

మంద తోలుకొచ్చిన కాపరి పేరు మద్దిలేటి. వెనక గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఆపాడు.

"పాస్‌లో గొర్రెలని ఉండాది. ఈ మేకలు యాడివి పెద్దాయనా?"

"మేకలు లేని మంద యాడన్నా ఉంటాదా అప్పా? ముందు దోవ పట్టేది అవే గదా" అన్నాడు మద్దిలేటి.

సెక్యూరిటీ అతను నాకు ఫోన్ చేశాడు. గొర్రెల వెంట వచ్చినవే కదా, పంపమన్నాను. ఊర్లో ఎవరైనా అదే అంటారు.

మంద అనుకున్నన్ని రోజులూ పడుకుంది. చివరి రోజు పొద్దున బయటికి తోలుకుపోవాల్సి ఉండగా వెనక గేటు తాళంచెవి ఉన్న మనిషి డ్యూటీకి రాలేదు. మంద ఆకలిమీద ఉంది, మద్దిలేటి తొందరపెడుతున్నాడు, ఎస్తేరుకు ప్రాక్టికల్స్ టైమవుతోంది. ముందు గేటు నుంచి పోదాం పదమని దోవ చూపించింది ఆమే. ముందు గేటుకు పోవాలంటే పరిపాలనా భవనం ఎదుటి రోడ్డు మీదుగా పోవాలి. ఆ రోడ్డుకు రెండు వైపులా అంతకుముందు వర్షాకాలంలో పెద్దలు వచ్చి నాటిన వేప, నేరేడు మొక్కలు, ఒక్కో మొక్క పక్కన ఒక్కో పేరు పలక. గొర్రెలు తలవంచుకుని నడిచాయి. మేకలు ముందుకాళ్లు ఎత్తి, ట్రీగార్డుల మీద ఆనించి, హాయిగా మేశాయి. మా రిజిస్ట్రార్ గారు సరిగ్గా అప్పుడే కారు దిగారు.

మధ్యాహ్నానికి ఎస్తేరుకు మెమో వెళ్లింది. ప్రముఖుల చేతుల మీదుగా నాటిన మొక్కలకు నష్టం కలిగించినందుకు హాస్టల్ సీటు ఎందుకు రద్దు చేయకూడదో సంజాయిషీ ఇవ్వాలని. సీటు పోతే ఆ పిల్ల ఊరికి పోవాలి. ఆ పల్లె నుంచి పొద్దున క్లాసుకు అందే బస్సు లేదు, టౌనులో గది తీసుకునే స్తోమత లేదు. అంటే చదువు అక్కడికే ఆగిపోతుంది. ఆ సంగతి మెమో రాసినవారికి తెలియదు, నాకు తెలుసు. నాకు ఒళ్లు మండింది.

విచారణ కమిటీ వేశారు. జంతుశాస్త్రం ప్రొఫెసర్ చైర్మన్, మహిళా హాస్టల్ వార్డెన్ సభ్యురాలు, నేను సభ్య కార్యదర్శిని. సభ్య కార్యదర్శి అంటే మాట్లాడేది వాళ్లు, రాసేది మనం. పాస్‌ల మీద సంతకం నాదే కాబట్టి నేను కమిటీలో ఉండటం పద్ధతి కాదని చెప్పాను. "సంతకాలు పెట్టినవాళ్లంతా తప్పుకుంటే ఇంక ఆఫీసు నడిచినట్టే" అన్నారు రిజిస్ట్రార్ గారు.

ఎస్తేరు ఏదీ దాచలేదు. ముందు గేటు దోవ చూపించింది తనేనని, మద్దిలేటి తప్పేమీ లేదని చెప్పింది. ఇలా ఒప్పుకుంటే కమిటీ పని సులువే. శిక్ష సిఫారసు చేసి, సంతకాలు పెట్టి, టీ తాగి లేవచ్చు. అయితే మా చైర్మన్ గారికి ఒక మంచి అలవాటు ఉంది. కంటితో చూడనిదే దేన్నీ నమ్మరు. నష్టం ఎంతో చూద్దాం పదండి అన్నారు. ఎస్తేరుతో కలిపి నలుగురం ఎండలో బయలుదేరాం.

మొదటి పలక దగ్గర ఎండుపుల్ల ఉంది. పట్టుకుంటే పుటుక్కున విరిగింది. రెండో పలక దగ్గర అదీ లేదు, గుంత మాత్రం ఉంది. ఆ తర్వాత మళ్లీ ఎండుపుల్ల. మేకలు ఎండుపుల్లను తినవు కదా అని చైర్మన్ గారు నన్ను చూశారు. రోడ్డు చివర, హాస్టల్ వైపు మలుపు దగ్గర మాత్రం కొన్ని మొక్కల ఆకులు దూసేసి ఉన్నాయి. వాటి కాండం పచ్చిగా ఉంది.

మేకలు రాకముందు ఎన్ని బతికి ఉన్నాయని మా ఎస్టేట్ కిందే ఉన్న తోటల విభాగాన్ని అడిగించాం. ఎన్ని నాటారో చెప్పారు కానీ ఎన్ని బతికాయో ఎవరూ చెప్పలేకపోయారు. నాటడానికి ఆర్డరు ఉంది, నీళ్లు పోయడానికి ఆర్డరు లేదు. నాకు ఉన్నట్టుండి ఒక సందేహం వచ్చింది. అన్నీ ఎండిపోతే మలుపు దగ్గరివి మాత్రం ఎలా బతికాయి? ఎస్తేరునే అడిగాను.

"మెస్‌లో చేతులు కడిగే నీళ్లు బకెట్లకు పడతాండాం మేడమ్. అవి తెచ్చి పోస్తాండాం. మోసుకోని శానా దూరం పోలేం గదా, దగ్గరున్నవాటికే పోసినాం." అంతవరకూ నిబ్బరంగా ఉన్న పిల్ల అక్కడ ఏడ్చేసింది. "నేను నీళ్లు పోసిన చెట్లనే నేను మేపిచ్చినట్లాయ."

వార్డెన్ తన నీళ్లసీసా మూత తీసి ఆమెకు ఇచ్చింది.

నివేదికలో చూసింది చూసినట్టు రాశాను. ఎక్కువ మొక్కలు నీళ్లు లేక ముందే ఎండిపోయాయి. మేకలు మేసింది విద్యార్థులు బతికించిన మొక్కలను మాత్రమే. చైర్మన్ గారు కామా కూడా మార్చకుండా సంతకం పెట్టారు. రిజిస్ట్రార్ గారు నన్ను గదికి పిలిచారు. ఆ మొక్కలన్నీ ఏపుగా పెరుగుతున్నాయని వార్షిక నివేదికలో అచ్చయింది కాబట్టి, ఎండిపోయాయన్న వాక్యం తీసేయమన్నారు. పెద్ద మనిషే, చెడ్డవారు కాదు, పైవాళ్లకు జవాబు చెప్పుకోవాల్సినవారు.

తీసేస్తాను సార్, కానీ సీటు రద్దు చేయాలంటే నష్టం రాయాలి, నష్టం రాయాలంటే అంతకుముందు ఏముండేదో రాయాలి, అన్నాను. ఆ వాక్యం ఉంటే ఫైలులో ఎస్తేరు పేరుతో పాటు, నాతో సహా నీళ్లు పోయించనివాళ్ల పేర్లూ రావాలి. ఆ వాక్యం లేకపోతే శిక్షకు ఆధారం లేదు. ఆయన చాలాసేపు నివేదికను అటూ ఇటూ తిప్పారు. చివరకు మొదటి పేజీ మీద రాశారు: "మందలించి వదిలేయవచ్చు." వాక్యం తీసేయమని మళ్లీ అనలేదు. నేనూ తీయలేదు.

ఎస్తేరుకు ఆ మాట నేనే చెప్పాను. ఆ పిల్ల కళ్లు తుడుచుకుని, వచ్చే ఏడాది కూడా మంద ఆపిచ్చుకోవచ్చా మేడమ్ అని అడిగింది. ఏం పిల్లవమ్మా నువ్వు అన్నాను. ఆపించుకున్నారు కూడా. అప్పటికి హాస్టల్ వెనక వంకాయలు, గోంగూర కాస్తున్నాయి. మెస్ కమిటీ పురుగుల మందు కొట్టనివ్వలేదు, కాబట్టి పుచ్చువంకాయలు కూడా తిన్నాం. మేకలు మేసిన మొక్కలు వానలకు మళ్లీ చిగిర్చాయి. ఎండుపుల్లలు చిగిర్చలేదు.

ఈ వ్యవహారం నాకు నేర్పింది ఆఫీసు పనికి సంబంధించినదే. మా కాగితాల్లో మొక్క నాటిన రోజునే లెక్కకు వస్తుంది, ఆ తర్వాత దాన్ని ఎవరూ అడగరు. అప్పటి నుంచి మొక్కలు నాటే ఫైలు ఏది వచ్చినా నోట్ కింద ఒకటే ప్రశ్న రాసేదాన్ని: నీళ్లు పోసేది ఎవరు? మనిషి పేరు రాసి పంపితే సంతకం పెట్టేదాన్ని, లేకపోతే వెనక్కి పంపేదాన్ని. నేను రిటైరయ్యేలోగా సంతకం పెట్టినవి కొన్నే. వెనక్కి వెళ్లినవాటిలో చాలా ఫైళ్లు మళ్లీ రాలేదు.