రెండు వారాల దగ్గు

మొన్న జగిత్యాలలో ఎక్స్‌రే తీయించుకోవడానికి వెళ్లాను. రిటైరయ్యాక నాకు దొరికిన ఉద్యోగం ఇదొక్కటే, నెలకో డాక్టరును చూసి రావడం. ఆ యంత్రం నడిపే అమ్మాయి నన్ను చల్లటి పలకకు ఆనించి, గడ్డం పైకెత్తించి, తాను అద్దం వెనక్కి పోయి, "ఊపిరి బిగవట్టుండ్రి తాతా, దగ్గకుండ్రి" అంది. దగ్గవద్దు అనగానే దగ్గు వచ్చింది. మళ్లీ నిలబెట్టింది, మళ్లీ వచ్చింది. మూడోసారికి ఆ పిల్ల విసుక్కుంది. మామూలుగా అయితే నేను ఊరుకునే మనిషిని కాదు, ముప్పై ఏళ్లు పిల్లల మీద విసుక్కుని జీతం తీసుకున్నవాణ్ని. కానీ ఆ రోజు నాకు కోపం రాలేదు. దగ్గవద్దన్న మాట ఒకప్పుడు నేనూ ఒకామెతో అన్నాను. అదీ ఇంత మర్యాదగా కాదు.

అప్పుడు సిరిసిల్లలో సర్కారు బడికి ఇంగ్లీషు సారును. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బడులు బంద్, బస్సులు బంద్, బొగ్గు తవ్వేవాళ్లు కూడా పని మానేయడంతో కరెంటు సగం బంద్. పొద్దున దీక్షా శిబిరంలో కూర్చునేవాళ్లం, మధ్యాహ్నం నడిరోడ్డు మీద వంటావార్పులో పులిహోర తినేవాళ్లం. ఆ తర్వాత పొద్దు పోయేది కాదు. నోరు ఊరుకోని జాతి, పంతుళ్లది. మా ఇంటి ఓనరుకు ఇంటి వెనకే సాంచెల షెడ్డు ఉండేది. మరమగ్గాలను అక్కడ సాంచెలంటారు. ఓనరు భార్య ఒకనాడు నా మొహం చూసి, "ఉత్తగ కూసునుడెందుకు సారూ, మా వాడకట్టు ఆడోళ్లకు నాలుగు ఇంగ్లీషు ముక్కలు జెప్పరాదుండ్రి" అంది. కరీంనగర్‌లో కొత్తగా పెడుతున్న ఒక ఆసుపత్రిలో ఆయాలు కావాలట, జబ్బుల పేర్లు ఇంగ్లీషులో తెలిసినవాళ్లను ముందు తీసుకుంటారట. మరునాటికి పదిమంది చేరారు, అందరూ బీడీలు చుట్టేవాళ్లే. కరెంటు పోగానే సాంచెలు ఆగేవి, క్లాసు మొదలయ్యేది. కరెంటు వస్తే ఆ చప్పుడులో నా ఇంగ్లీషు నాకే వినపడేది కాదు. సమ్మె మీద మాలో అందరికన్నా అభిమానం ఉన్నది ఆ పదిమంది ఆడవాళ్లకే అనుకుంటాను.

గోడ మీద సుద్దముక్కతో జబ్బుల పట్టిక రాశాను. ఎడమవైపు జబ్బు, కుడివైపు దాని లక్షణాలు: బీపీ, షుగరు, మలేరియా, టీబీ. బట్టీ పట్టిస్తే నిద్రపోతున్నారని ఒక ఆట కనిపెట్టాను. ఒకరు కుర్చీలో రోగిగా కూర్చోవాలి. ఇంకొకరు దారానికి నూలు చుట్టే కండె కట్టి మెడలో వేసుకుని డాక్టరు కావాలి. రోగి తన బాధలన్నీ ఇంగ్లీషులో చెప్పాలి. ఒక్క తెలుగు మాట దొర్లిందా, రోగి చచ్చిపోయినట్టే. చచ్చినవాళ్లు నేల మీద పడుకోవాలి, మీద సాంచె మీంచి దించిన తెల్లగుడ్డ కప్పుతాం, ఆట ముగిసేదాకా కదలకూడదు. మిగతావాళ్లు చుట్టూ కూర్చుని శోకాలు తీయాలి. ఈ శోకాల దగ్గరే వాళ్లకు ఆట రుచి తెలిసింది. "ఓ నా వదినో, ఒక్క ఇంగ్లీషు ముక్క యాదికి రాక పానం ఇడిస్తివా వదినో" అని ఒకామె ఎత్తుకుంటే గుడ్డ కింద శవం నవ్వలేక గిలగిల కొట్టుకునేది. అప్పుల బాధకు నేతవాళ్లు ఉరి పోసుకున్న వాడలవి, ప్రతి గల్లీకీ ఒక తెల్లగుడ్డ గుర్తుండేది. నాకు ఆ ఆలోచనే రాలేదు. నా ఆట బ్రహ్మాండంగా ఉందనుకున్నాను, శిబిరంలో తోటి పంతుళ్లకు గొప్పగా చెప్పుకున్నాను కూడా.

మా వైపు కోడళ్లను పుట్టిన ఊరి పేరుతో పిలుస్తారు. వాళ్లలో ఒకామెది కోరుట్ల, కాబట్టి అందరికీ ఆమె కోరుట్లామె. ముప్పై ఏళ్లుంటాయేమో, సన్నగా, చెంపలు లోపలికి పోయి ఉండేది. నాది కోరుట్ల పక్కనే ఉన్న జగిత్యాల అని తెలియగానే ఆ మొహం విచ్చుకుంది. "గట్లనా! మా తల్లిగారి దిక్కోడే సారు!" అంది. ఆనాటి నుంచి మిగతా తొమ్మిదిమందికి నేను సారును, ఆమెకు అన్నను. "గీ పొగాకు దుమ్ము సాలైందన్నా, గా ఆసుపత్రిల నౌకరి దొరికితే నా బతుకు మారుతది" అనేది. ఆ వాడలో ఒక రహస్యం పొద్దున చెబితే సాయంత్రానికి ఇంటింటికీ చేరేది. దగ్గే మనిషి అని పేరు పడితే ఆమె చుట్టిన బీడీలు ఎవరూ తీసుకోరు, ఇంట్లో గ్లాసు వేరు పెడతారు, ఆసుపత్రి నౌకరి ముచ్చటే ఉండదు. ఇదంతా నాకు తర్వాత అర్థమైంది. తర్వాత అర్థం చేసుకోవడంలో నన్ను మించినవాడు లేడు.

రెండో వారంలో ఆమె వంతు వచ్చింది. పక్కింటామె కండె పట్టుకుని డాక్టరయింది. కోరుట్లామె డాక్టరు వైపు చూడలేదు, నా వైపు చూసింది. "కాఫ్, సార్. టూ వీక్స్. ఈవినింగ్ ఫీవర్. నైట్ స్వెట్. నో హంగర్. వెయిట్ లాస్" అంది, మెల్లగా, ఒక్క మాట తడబడకుండా. టీబీ అన్న మాట మాత్రం అనలేదు. ఆ ఒక్క మాట ఇంగ్లీషు రానివాళ్లకూ తెలుసు కదా. చివర్లో నిజంగా దగ్గింది కూడా. దగ్గుతో సహా చేసి చూపించిందని నేను "ఎక్సలెంట్" అన్నాను, అందరం చప్పట్లు కొట్టాం. చప్పట్లు ఆగాక కూడా ఆమె కుర్చీలోంచి లేవలేదు, నా మొహమే చూస్తూ కూర్చుంది. "దిగమ్మా, ఇంకొకళ్లు కూసోవాలె" అన్నాను.

ఆ పాఠం ఎంత నచ్చిందంటే, రోజూ క్లాసు మొదట్లో ఆమె చేతనే చెప్పించి మిగతావాళ్లను నేర్చుకోమన్నాను. వారం తర్వాత ఒకనాడు ఆమె "కాఫ్, సార్. త్రీ వీక్స్" అంది. పాఠం చెడగొడుతోందని నాకు ఒళ్లు మండింది. "టూ వీక్స్ అని నేర్పితే మల్ల మూడెందుకైనయమ్మా?" అన్నాను. "ఇప్పటికి మూడైనయి గదన్నా" అంది. తెలుగు మాట్లాడింది! మిగతా తొమ్మిదిమందీ ఒక్కసారి అరిచారు, పడుకోబెట్టారు, గుడ్డ కప్పారు, శోకాలు ఎత్తుకున్నారు. గుడ్డ కింద ఆమెకు దగ్గు తెర వచ్చింది. ఎంతకీ ఆగదు. గుడ్డ లేస్తోంది, పడుతోంది. అప్పుడన్నాను ఆ మాట. "శవాలు దగ్గవమ్మా." షెడ్డంతా గొల్లుమంది. నా జీవితంలో నేను వేసిన జోకుల్లో అంతగా పండింది ఇంకొకటి లేదు. మరునాటి నుంచి ఆమె మళ్లీ "టూ వీక్స్" అనే చెప్పింది. క్లాసుల చివరి రోజున మాత్రం ఒక ముక్క కలిపింది. "బ్లడ్, సార్. లిటిల్." గోడ మీద పట్టికలో ఆ వరసలో చివరి మాట అదే. మొత్తానికి వరసంతా పూర్తి చేసిందని మెచ్చుకున్నాను.

సమ్మె ముగిసింది, బడి తెరిచారు, కరెంటు వచ్చింది, సాంచెలు పగలూ రాత్రీ మొదలయ్యాయి. ఆసుపత్రివాళ్లు మా పదిమందిలో ఇద్దరిని తీసుకున్నారు. కోరుట్లామె మాటలన్నీ సరిగానే చెప్పిందట. మధ్యలో దగ్గితే బయట కూర్చోమన్నారట, మళ్లీ పిలవలేదట. ఆ చలికాలంలోనే ఒక పొద్దున ఓనరు భార్య వచ్చి, "సారూ, కోరుట్లామె పోయింది" అంది. ఆరు నెలలు మాత్రలు మింగితే పోయే జబ్బు. సర్కారు దవాఖానలో ఊరికే ఇచ్చే మాత్రలు.

వెళ్లాను. వాకిట్లో పడుకోబెట్టి తెల్లగుడ్డ కప్పారు. మా షెడ్డు గుడ్డే, అంచు చూసి గుర్తుపట్టాను. చుట్టూ నా క్లాసు ఆడవాళ్లే ఏడుస్తున్నారు. అవే గొంతులు, అదే రాగం. నేను కాసేపు ఆ గుడ్డ వైపే చూస్తూ నిలబడ్డాను. అది కదిలితే బాగుండునని, ఒక్కసారి దగ్గితే బాగుండునని ఎంతగా అనుకున్నానో నాకే తెలుసు. ఆనాడు డాక్టరయిన పక్కింటామె కళ్లు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది. "ఆఖరుకు నాకు జెప్పింది సారూ. దవాఖానకు పోదాం పా అని ఎంత బతిమిలాడినా ఇనకపాయె. 'సారుకు అన్నీ జెప్పిన, గంత సదువుకున్నోడు, మా దిక్కోడు, ఏదన్నుంటె ఊకుంటడా? చప్పట్లు గొట్టిండు గద, ఏం లేదు తియ్యి' అన్నది" అంది. నన్ను నిందించడానికి అనలేదు. కోరుట్లామె పెట్టుకున్న ధీమా ఏమిటో చెప్పింది, అంతే. 

తెలంగాణ వచ్చింది. సిరిసిల్ల జిల్లా అయింది, మా జగిత్యాల జిల్లా అయింది. ఆ షెడ్డు గోడకు ఎన్నిసార్లు సున్నం వేశారో. మొన్న నాలుగో ప్రయత్నానికి నా ఎక్స్‌రే పడింది. ఆ అమ్మాయి కాగితం మీద రాసుకుంటూ, "దగ్గు ఎన్ని దినాల సంది తాతా?" అని అడిగింది. నెల దాటింది, లెక్క నాకు తెలుసు. అయినా నోట్లోంచి "రెండు వారాలు" అనే వచ్చింది. అన్నేళ్లు గడిచిపోయాయి, వాటినెవరూ ఆపలేకపోయారు. కోరుట్లామె దగ్గును మాత్రం నేను రెండు వారాల మీద ఒక్క రోజు కూడా పెరగనివ్వలేదు.