బావమరిదికి ఇచ్చిన లావు పుస్తకం

మా బావమరిది నన్ను పొగిడిన రోజు నాకు అన్నం సయించదు. ఏళ్లుగా ఇదే వరస. పెళ్లిళ్లలో పొగుడుతాడు, బోనాల నాడు పొగుడుతాడు, క్వార్టర్ల ముందు నలుగురు కూర్చుంటే చాలు, మా బావ అంతటి మనిషి లేడంటాడు. నేను తల వంచుకుని కంచంలో అన్నం కెలుకుతుంటాను. చూసేవాళ్లు వినయం అనుకుంటారు. కాదు. ఏమిటన్నది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, నా భార్యకు కూడా. ఆమెకు ఎలా చెప్పను? వాడు ఆమె తమ్ముడు. మీకు చెబుతున్నాను. మీకు నా మొహం తెలియదు. ఆ మాత్రం చాటు లేకపోతే ఇప్పుడు కూడా నోరు పెగిలేది కాదు.

మాది గోదావరిఖని. బొగ్గు గనిలో, ల్యాంప్ రూములో నా ఉద్యోగం. లోపలికి దిగేవాళ్లకు టోపీకి పెట్టుకునే దీపాలు ఇవ్వడం, వాళ్లు పైకొచ్చాక తీసుకుని చార్జింగుకు పెట్టడం. నేను మాత్రం దిగను. ఒకప్పుడు దిగినవాణ్నే. ఆ దుమ్ము, ఆ ఉక్క, నెత్తి మీది కప్పు ఎప్పుడు కూలుతుందోనన్న భయం, అన్నీ ఎరుగుదును. నన్ను పైకి తెచ్చింది చదరంగం. మా గనిలో ఒక అలవాటు ఉంది, కాగితం మీద ఎక్కడా ఉండదు. కంపెనీలోని ఏరియాల మధ్య జరిగే ఆటల పోటీల్లో మా తరఫున ఆడేవాడికి, ప్రాక్టీసుకు వీలుగా ఉంటుందని పైన డ్యూటీ వేస్తారు. ఆటగాడు మారితే ఆ డ్యూటీ కూడా మారుతుంది. చదరంగానికి ఒక్కడికే చోటు. ఆ ఒక్కడూ నేనే.

బావమరిది పేరు సంపత్ అనుకోండి. మా మామ జబ్బుపడి అన్‌ఫిట్ అయ్యాక ఆయన ఉద్యోగం వీడికి వచ్చింది, గని లోపలి పనే. కొత్తలో డ్యూటీ దిగి నేరుగా మా ఇంటికి వచ్చేవాడు. అక్క చేతి చాయ్ తాగి నాతో బోర్డు ముందు కూర్చునేవాడు. ఆట నేర్పింది నేనే. ఓడిపోయినప్పుడల్లా ఆటపట్టించేవాణ్ని. తర్వాత తర్వాత ఆటపట్టించడం మానేశాను, ఎందుకంటే వాడు గెలవడం మొదలుపెట్టాడు. ఒక్క పుస్తకం తెరవకుండానే, నా గుర్రం ఎటు దూకుతుందో నాకంటే ముందు కనిపెట్టేవాడు. చివర్లో, పావులన్నీ పోయి రాజులూ బంట్లూ మిగిలినప్పుడు మాత్రం తడబడేవాడు. అదేమంత పెద్ద విద్య కాదు, ఎవరైనా కూర్చోబెట్టి చెబితే వచ్చేస్తుంది. నేను చెప్పలేదు.

ఒకరోజు వాడే అడిగాడు.

"బావ, ఈసారి సెలక్షన్ల నేను గూడ ఆడుత. ఏ బుక్కు సదవాలె?"

"నీకెందుకురా గిప్పుడు?"

"బాయిల పనికి పానం ఆగుతలేదు బావ. దగ్గు తగ్గుతలేదు. అక్కకు చెప్పకు, ఫికర్ చేస్తది. గెలిస్తె పైన డ్యూటీ ఏస్తరేమో. నీకేమైతది, సీనియర్‌వు, నిన్ను పైన్నే ఉంచుతరు గద. నువ్వు ఏది సదవమంటే గదే సదువుత."

నన్ను పైన ఉంచరని నాకు తెలుసు. వాడికి తెలియదు.

అలమరలో రెండు పుస్తకాలు ఉన్నాయి, రెండూ ఎప్పుడో కోఠి ఫుట్‌పాత్ మీద కొన్నవి. ఒకటి పల్చటిది. రెండు మూడు ఎత్తుల్లో ఆట కట్టించే లెక్కలు, చివరి ఆటలో రాజునూ బంటునూ నడిపే పద్ధతి, బొమ్మలతో ఉంటాయి. సంపత్‌కు కొలిచి కుట్టించినట్టు ఉండేది. రెండోది ఇటుకంత లావు. ఆట ఎలా మొదలుపెట్టాలన్నదాని మీద పేజీల కొద్దీ ఎత్తులు, ఎందుకో ఏమిటో వివరణ ఉండదు. అప్పటికే పెద్ద పోటీలు ఆడేవాళ్ల కోసం రాసింది. నాకే సగం అర్థం కాలేదు. ఆ లావుదే తీశాను.

"పెద్ద ఆటగాళ్లు సదివేది గిదే. చిన్న బుక్కులు పోరగాళ్లకు," అన్నాను. ఏ అధ్యాయం కంఠతా పట్టాలో కూడా నేనే చూపించాను. వాడు రెండు చేతులతో అందుకుని కళ్లకు అద్దుకున్నాడు.

అప్పుడు నాకు తెలిసే చేశానా? నన్ను నేనే ఎన్నిసార్లు ప్రశ్నించుకున్నానో. కష్టమైనది చదివితే పైకొస్తాడనే ఇచ్చానని, నేను కూడా అలాగే కిందా మీదా పడి నేర్చుకున్నానని, చదవలేకపోతే అది వాడి ఖర్మ అని, చాలాకాలం నాకు నేను నచ్చజెప్పుకున్నాను. అబద్ధం. నేను నేర్చుకున్నది పల్చటి దాంట్లోంచే. తెలిసే చేశాను.

వాడు డ్యూటీ దిగి వచ్చి కూడబలుక్కుంటూ ఆ ఇంగ్లీషు పుస్తకం బట్టీ పట్టేవాడు. ఇంతకు ముందు బోర్డును చూసి ఆడేవాడు, ఇప్పుడు పేజీని గుర్తు తెచ్చుకుంటూ ఆడుతున్నాడు. ఆట పాడైపోతోందని నాకు కనబడుతూనే ఉంది. బాగా వస్తోందని చెప్పాను.

సెలక్షన్ కాలనీ క్లబ్బులో జరిగింది. చివరికి మేమిద్దరం మిగిలాం. డ్రా అయితే పాత ఆటగాడికే చోటు. వాడు నేను చూపించిన అధ్యాయమే ఆడాడు. కాసేపటికి నేను ఆ పుస్తకంలో లేని ఒక ఎత్తు వేశాను. గొప్ప ఎత్తేం కాదు, మామూలుది. వాడు తల ఎత్తి నన్ను చూశాడు. పేజీ తానే మరిచిపోయాడేమో అన్నట్టు, తప్పు తనదే అయినట్టు. గడియారంలో వాడి సమయం చాలావరకు అక్కడే కరిగిపోయింది. అయినా కోలుకున్నాడు. పుస్తకం వదిలేసి సొంతంగా ఆడాడు, నాకు చెమటలు పట్టించాడు. చివరికి నాకు రాజొక్కటే మిగిలింది, వాడికి రాజు, ఒక బంటు. రాజును ముందు నడిపించి బంటును వెనక తెస్తే గెలుపే. పల్చటి పుస్తకంలో అది మొట్టమొదటి పాఠం. సంపత్ బంటును ముందుకు తోశాడు. డ్రా అయింది.

పుస్తకం తిరిగి ఇచ్చేటప్పుడు అట్టను చొక్కాతో తుడిచి ఇచ్చాడు. తన బుర్రకు ఎక్కలేదన్నాడు, బావ మాత్రం మంచిదే ఇచ్చాడన్నాడు. మళ్లీ బోర్డు ముట్టలేదు.

అప్పటి నుంచి ఈ బతుకు. డ్యూటీకి వచ్చిన ప్రతిసారీ వాడు నా కిటికీ ముందు నిలబడతాడు. దీపం నా చేతులతోనే ఇచ్చి కిందికి పంపిస్తాను. ఆట మానేద్దామా? మానేస్తే ఆ చోటు ఇంకెవరికో పోతుంది, వాడికి కాదు. నేనే మళ్లీ గనిలోకి దిగుతానని అర్జీ పెట్టుకుంటే ఎందుకని అడుగుతారు, ఏమని చెప్పను? నిజం చెబితే అక్కాతమ్ముళ్ల మధ్య నేను ఎక్కడ నిలబడతాను? లేదూ, వాడు నవ్వేసి పోనీలే బావా అంటే? అది ఇంకా భయం. ఎటు తిరిగినా గోడే తగులుతోంది.

మొన్న వాడి కూతుర్ని వెంటబెట్టుకొచ్చాడు, ఆట నేర్పమని. బోర్డు మీద రెండు రాజుల్నీ ఒక బంటునూ పెట్టి, రాజు ముందు నడవాలని చూపించాను. పిల్లకు ఇట్టే వచ్చేసింది. సంపత్ గుమ్మానికి ఆనుకుని చూస్తున్నాడు.

"గింత అల్కగ ఉంటదా బావ? నాకెందుకు ఎక్కకపాయె?" అని నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. కాస్త తెరిపిన పడ్డాక పిల్లతో అన్నాడు, "బిడ్డ, నాకు రాని బుర్ర నీకన్న రావాలె. మామ ఏ బుక్కు సదవమంటే గదే సదువు."

నా భార్య మంచినీళ్లు తేవడానికి లోపలికి వెళ్లింది. గదిలో మేం ముగ్గురమే ఉన్నాం. చెప్పాల్సిన మాట అప్పుడు చెప్పి ఉండొచ్చు. పావులు సర్దుతూ కూర్చున్నాను.

ఆ మాట ఇది. సంపత్, నీ బుర్ర మంచిదే. నీకు సరిపోయే పుస్తకం ఆ రోజు నా చేతికందే దూరంలో ఉంది. నేను పైన ఉండటానికి నిన్ను కింద ఉంచాను.

ఇన్నేళ్లకు ఇది రాసి నేనే చదువుకున్నాను. నాకు ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. వాడికి ఆడటం లేదు.