పిన్నీసుతో గీసిన గీత

అమరచింత నుంచి గద్వాల వెళ్లే బస్సులో నా పక్కనున్న గర్భిణి ఒళ్లోని ల్యామినేషన్ బొమ్మ నేను చేసిందే. అప్పట్లో నేను ఒక ఫోటో స్టూడియో వెనక గదిలో, చనిపోయినవాళ్ల ఫోటోలను కంప్యూటర్‌లో బొమ్మలుగా మార్చేవాణ్ణి. కొత్తగా నేర్చిన గీతలు, రంగులు వాళ్ల ముఖాల మీదే ప్రయోగించేవాణ్ణి.

నేను చూడటం గమనించి ఆమె అంది: “మా ఆయనను సినిమా హీరోను చేసిండ్రన్నా. నల్లగ ఉండె, నొసట గాటు ఉండె. ఉన్న ఒక్క ఫోటో ఇస్తే షాపోళ్లు పారేసిండ్రు. కడుపులున్నది రేపు గీ మొఖాన్నే నాయిన అనుకుంటది.”

గాజుకున్న పిన్నీసు తీసి, బొమ్మ నొసట గట్టిగా గీసింది.

“గిప్పుడు జర ఆయన లెక్కనే ఉన్నడు.”

ఫోటోలోని ఆ గాటు తుడిచేసింది నేనే. అది ఏ కనుబొమ్మకు పైన ఉండేదో కూడా అప్పటికే మరచిపోయాను.