విన్నపాల చీటీలో నాలుగో పేరు

మంగళవారం పొద్దున్న అక్క ప్రభువు దగ్గరికి వెళ్లిపోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను చపాతీల పిండి కలుపుతున్నాను. రిసీవర్‌కి పిండి అంటుకుంది. ఇప్పటికీ తుడవబుద్ధి కాలేదు.

సొంత అక్క కాదు. ఇక్కడ అమెరికాలో, ఇల్లినాయ్ రాష్ట్రంలోని అరోరాలో శుక్రవారాలు మేం కలుసుకునే తెలుగు ప్రార్థన కూటానికి పెద్ద, ఆసుపత్రిలో నర్సు. నాకు కారు నడపడం నేర్పింది ఆవిడే. ఎవరి కోసం ప్రార్థించాలో వాడేసిన ఆసుపత్రి కాగితాల వెనక రాసుకొచ్చి చదివేది. ఒక ఏడాది జబ్బుపడ్డవాళ్ల పేర్ల మధ్య, నాలుగోదిగా, ఒక అమెరికన్ పేరు చేరింది. ఆయన కోలుకోవాలని నేను కన్నీళ్లతో ప్రార్థించాను.

చాలా నెలలకు అడిగాను. "ఆయనకి ఏం జబ్బక్కా?"

"జబ్బేంటే? మన స్టేట్ రెప్రజెంటేటివ్, అంటే రాష్ట్ర అసెంబ్లీలో మన సభ్యుడు. ఆడవాళ్లకీ సమాన హక్కులని రాజ్యాంగంలో రాయాలంటే ఆయన ఓటు కావాలి. వెయ్యనంటున్నాడు."

"మరి కూటంలో ఆ మాట చెప్పొచ్చుగా?"

"చెప్తే సగంమంది ప్రార్థనకి కళ్లు మూసుకోరు."

ప్రతి సోమవారం డ్యూటీ దిగి, యూనిఫారంతోనే ఆయన ఆఫీసుకి వెళ్లేది. "నాకు చెప్పే జవాబు ఆయనకి నోటికొచ్చేసింది. కొత్త గొంతు కావాలి, నువ్వు రా. 'మాకు ఇది కావాలి' అను, చాలు," అంది. దారంతా కారులో ఆ ఒక్క వాక్యం ఇంగ్లీషులో వల్లించాను.

ఆయన మర్యాదగా లేచి నిలబడి, ఎందుకొచ్చారని నన్నే అడిగారు. వల్లించిన వాక్యం వదిలేసి, "ఏడాదిగా మీ ఆరోగ్యం కోసం ప్రార్థిస్తున్నామండి," అన్నాను. ఆయన ముఖం మెత్తబడింది. నా చెయ్యి పట్టుకుని థాంక్స్ చెబుతూనే ఇద్దరినీ తలుపు దాకా సాగనంపారు.

అక్క స్టీరింగ్ మీద తల ఆనించి నవ్వింది. "ఆయన బీపీ అయితే తగ్గించావే." హైవే ఎక్కాక మాత్రం నవ్వకుండా అడిగింది. "వచ్చే సోమవారం చెప్తావుగా?"

ఆ సోమవారం పాపకి జ్వరమన్నాను. జ్వరం లేదు. దేవుడి దగ్గర ఒప్పుకున్నాను గానీ అక్క దగ్గర ఒప్పుకోలేదు.

రాష్ట్ర రాజధాని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఆయన వద్దనే ఓటు వేశారు. రాష్ట్రాలు ఒప్పుకోవాల్సిన గడువు దాటిపోయింది, సవరణ ఆగిపోయింది. నా ఒక్క మాటకు ఆయన మారేవారని అనుకోను. మారేవారు కాదనీ అనుకోలేకపోతున్నాను. అక్క ఎన్నడూ నన్ను ఒక మాట అనలేదు. ఆ పేరు మాత్రం చీటీలోంచి తీయలేదు.

"ఇంకా ఎందుకక్కా?"

"ఆయనింకా అక్కడే ఉన్నాడు. నువ్వూ ఇక్కడే ఉన్నావు."

నిన్న కూటంలో ఆవిడ రాసిన ఆఖరి చీటీ నా చేతికిచ్చారు. నాలుగో పేరు చదివి ఆగాను. కొత్తగా వస్తున్న అమ్మాయి మెల్లగా అడిగింది. "ఆయనకేం జబ్బు ఆంటీ?"

అప్పటికే అందరూ కళ్లు మూసుకున్నారు.

"కళ్లు తెరవండి. ఆయనకి జబ్బేమీ లేదు," అన్నాను. నా గొంతు వెనక కూర్చున్నవాళ్ల దాకా వెళ్లిందో లేదో తెలియదు. ఒక్కొక్కరే తెరిచారు.