దోబ్రినా నోరు మూయించిన కీబోర్డు

పక్కింటి త్సోనా తన అక్రోటు చెట్టు కొమ్మలు నరికినందుకు దోబ్రినా పగ తీర్చుకుందని స్లివోవో ఊళ్ళో అందరూ చెప్పుకున్నారు. బతికున్న త్సోనాను ఏమీ చెయ్యలేక, చచ్చిపోయిన ఆమె అన్న వెల్కో సంతాప కాగితంలోంచి ఆమె పేరు తీసేసిందట. తీసేసిన కాగితాలను తన చేతులతోనే బస్టాపు స్తంభానికీ, కొట్టు తలుపుకూ, వెల్కో ఇంటి గేటుకూ అంటించిందట. కొట్టు ముందు బల్ల దగ్గర కాఫీ తాగే ఆడవాళ్ళు దానికి ఇంకో ముక్క కలిపారు. తుడిచేటప్పుడు నవ్విందట కూడా. చూసిందెవరని అడిగితే మాత్రం ఎవరూ లేరు.

ఆ ఊళ్ళో మనిషి పోతే తలుపు మీద కాగితం పడాలి. పూడ్చిన రోజున ఒకటి, నలభయ్యో రోజున ఒకటి, ఆరు నెలలకు, ఏడాదికి మళ్ళీ ఒక్కొక్కటి. పైన ఫొటో, కింద నాలుగు మాటలు, ఆ కింద దుఃఖిస్తున్నవారి పేర్లు. రొట్టె కోసం వెళ్ళేవాళ్ళు ఆగి ఆ పేర్లను వరసగా చదువుతారు. ఎవరు ముందున్నారు, ఎవరు వెనకున్నారు, ఎవరు లేరు అని లెక్క చూసుకుంటారు. ఆ వరసలో పేరు లేదంటే పోయినవాడికి నువ్వేమీ కావని ఊరంతటికీ చాటినట్టే.

ఆ కాగితాలన్నీ దోబ్రినా చేసేది. ఎనిమిదో తరగతిలో ఉండగా తల్లి మింకా మంచం పట్టడంతో బడి మానేసింది. తర్వాత పట్నంలో చొక్కాల కాలర్లు కుట్టింది. ఆ కార్ఖానా మూతపడ్డాక ఊరి పఠనాలయంలో ఊడ్చే పనికి కుదిరింది. అక్కడివాళ్ళు పాత ల్యాప్‌టాప్ ఒకటి పారేయబోతే, మొహమాటం చంపుకుని అడిగి ఇంటికి తెచ్చుకుంది. పట్నంలో శవపేటికల దుకాణంవాడి దగ్గర ముందే అచ్చేసి పెట్టుకున్న మాటలు మూడు రకాలుంటాయి, ఎవరు పోయినా వాటిలోంచి ఒకటి ఏరుకోవాలి. దోబ్రినా అయితే "ఆయనకేం ఇష్టం?" అని అడిగేది. అందుకే తేనెటీగల కోల్యో ఫొటో కింద "ఈయన్ని ఒక్క ఈగా కుట్టలేదు" అని ఉంది. జనం గుడ్లో, చిక్కుడు గింజలో, ద్రాక్ష సారాయి సీసానో తెచ్చి ఆమె చేత రాయించుకునేవారు.

స్తంభం మీంచి చింపిన కాగితం పట్టుకుని త్సోనా వచ్చినప్పుడు దోబ్రినా పెరట్లో మిరపకాయలు కాలుస్తోంది.

"ఏమే దోబ్రినా, నేను వెల్కోకి చెల్లెల్ని కానా? దారిన పోయేదాన్నా?" త్సోనా గేటుకు ఆనుకుని వీధికి వినబడేలా అరిచింది.

"చెల్లెలివే పిన్నీ. నీ పేరు టైపు చేశాను. చివర్లో ఉండాలి."

"చేశావు, మళ్ళీ తుడిచావు. ఇదిగో చూడు, కోడలు తర్వాత కామా కూడా ఉంది. కామా పెట్టిన చెయ్యి పేరు దగ్గర పడిపోయిందా?"

దోబ్రినా మసి చేతులు తుడుచుకుని చూసింది. కామా ఉంది. పేరు లేదు.

"నేను తుడవలేదు."

"అయితే నీ డబ్బా తుడిచిందా?"

"చూస్తాను."

"చూసేదేం లేదు. మా వదిన ముందుకొచ్చి తప్పయిందని చెప్పు. ఆ డబ్బాను చెత్తలో పడెయ్. లేదంటే నలభయ్యో రోజు కాగితం పట్నంలో చేయిస్తాం. తర్వాత ఊళ్ళో ఎవడు నీ గడప తొక్కుతాడో నేనూ చూస్తా."

దోబ్రినాకు నలుగురిలో గొంతు పెగలదు. ఆ రోజు మాత్రం పెగిలింది.

"చెయ్యని పనికి తప్పని చెప్పను పిన్నీ. డబ్బానూ పారెయ్యను."

త్సోనా వెళ్ళాక ల్యాప్‌టాప్ తెరిచి ఒక వరస రాసి, చేతులు కట్టుకుని కూర్చుంది. చాలాసేపు ఏమీ కాలేదు. తర్వాత చివరి అక్షరం మాయమైంది. కాసేపాగి మూడు కలిసి పోయాయి. ఎవరూ ముట్టకుండానే, వెనక్కి చెరిపే మీట కోడి గింజలు ఏరినట్టు అక్షరాలను ఏరుకుని తింటోంది. వెల్కో కాగితం రాసిన రోజున ఆమె పేర్లన్నీ టైపు చేసి, ప్రింటర్లో కాగితాలు పెట్టడానికి లేచింది. తిరిగొచ్చి తెర చూడకుండానే ప్రింటు నొక్కింది. చూడకపోవడం తన తప్పే. తుడిచింది మాత్రం తను కాదు.

మర్నాడు పట్నంలో రిపేర్ల వెంత్సి దాన్ని తిరగేసి, స్క్రూలు విప్పి, మళ్ళీ బిగించాడు.

"అక్కా, దీన్ని పాతిపెట్టెయ్. కీబోర్డు పై మూతకే అతికించేశారు, పీకితే మూత కూడా పోతుంది. ఈ మోడల్‌ది వేరేది దొరకదు కూడా."

"పాతిపెట్టడానికి మా ఊళ్ళో మనుషులున్నార్లే. దీని నోరు మూయించే దారి చెప్పు."

వెంత్సికి నవ్వొచ్చింది. "బయటి కీబోర్డు తగిలించుకుని, లోపలిదాన్ని ఆపెయ్యొచ్చు. కానీ అది మొండి ఘటం, మళ్ళీ లేస్తుంది."

"నేనూ అదే రకం."

పఠనాలయం సామాన్ల గదిలో పసుపెక్కిన కీబోర్డు ఒకటి దొరికింది. దాన్ని తగిలించి, వెంత్సి చెప్పినట్టు పరికరాల జాబితా తెరిచింది. అందులో కీబోర్డులు రెండున్నాయి, రెంటికీ ఒకటే పేరు. ఒకదాన్ని తీసేసింది. తెచ్చిన కీబోర్డు మూగబోయింది. లోపలిది మాత్రం హాయిగా తింటూనే ఉంది. వైరు పీకి మళ్ళీ గుచ్చితే తెచ్చినదానికి ప్రాణం వచ్చింది. ఈసారి సరైనదాన్ని పట్టుకుని తీసేసింది. అక్షరాలు కదల్లేదు. సంతోషం పట్టలేక ల్యాప్‌టాప్ ఆపి మళ్ళీ వేసింది. అది తన అవయవాన్ని తాను గుర్తుపట్టి తిరిగి తగిలించుకుంది. మళ్ళీ తిండి మొదలైంది.

వెంత్సికి ఫోను చేసింది.

"చెప్పాను కదక్కా. తీసేస్తే లాభం లేదు. దానికి ఇంకో పరికరం పేరు తగిలించు, పూర్తిగా తప్పు పేరు. అప్పుడు అది కీబోర్డని మిషన్‌కే తెలీదు."

అతను ఒక్కో మెట్టూ చెబుతుంటే దోబ్రినా మౌసుతో నొక్కుకుంటూ వెళ్ళింది. తప్పు పేరు ఎంచుకోగానే తెర మీద హెచ్చరిక వచ్చింది. ఇది సరిపడకపోవచ్చు, పరికరం పనిచెయ్యకపోవచ్చు, అయినా కావాలా అని.

"పనిచెయ్యకూడదనే కదా ఏడుస్తున్నాను," అని నొక్కింది.

ఆపి మళ్ళీ వేసింది. ఒక వరస రాసి, కాఫీ పెట్టుకుని, తాగి, కప్పు కడిగి వచ్చింది. వరస అలాగే ఉంది. అప్పుడు లోపలి కీబోర్డు మీద పిడికిలితో దబదబా బాదింది. ఒక్క అక్షరం కదల్లేదు.

వెల్కో కాగితాన్ని చివర త్సోనా పేరుతో మళ్ళీ అచ్చు తీసి, అందరూ కాఫీకి కూర్చునే వేళ చూసుకునే కొట్టు దగ్గరికి వెళ్ళింది. పాతదాని మీద కొత్తది అంటిస్తుంటే బల్ల దగ్గరివాళ్ళు తలలు తిప్పి చూశారు.

"తప్పు ఒప్పుకుంటున్నావా దోబ్రినా?" అంది ఒకావిడ.

"కాగితం దిద్దుతున్నాను. మీరు చెప్పుకున్నదాన్ని మీరు దిద్దుకోండి."

అక్కణ్ణించి బస్టాపు స్తంభానికీ, వెల్కో ఇంటి గేటుకూ కొత్తవి అంటించి ఇంటికొచ్చింది.

నలభయ్యో రోజు దగ్గరపడగానే వెల్కో భార్య ఎలెన్కా ఫొటో పట్టుకుని దోబ్రినా ఇంటికే వచ్చింది. వెనకే త్సోనా.

"పట్నంవాడు 'మంచి మనిషి' అని రాస్తాడు," అంది ఎలెన్కా. "మా ఆయన మంచి మనిషేం కాదు. పాటలు బాగా పాడేవాడు. అది రాయి."

"నేను పక్కనే కూర్చుంటా, ఈసారి కళ్ళారా చూస్తా," అని త్సోనా చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో బిగుసుకుంది.

దోబ్రినా పసుపు కీబోర్డు మీద పేర్లన్నీ టైపు చేసింది. త్సోనా పేరు ఆఖరున పెట్టింది.

"మళ్ళీ చివరనేనా? మధ్యలో పెట్టవే, అక్కడైతే భద్రం."

"చివరే ఉంటుంది పిన్నీ. కాఫీ తాగుదాం."

ముగ్గురూ తాగారు. పేరు పక్కన గీత మినుకుమినుకుమంటూనే ఉంది. త్సోనా కప్పు మీంచి కళ్ళు తెరకే అతికించి కూర్చుంది. చివరికి వంగి, లోపలి కీబోర్డు మీద ఆ చెరిపే మీటను వేలితో గట్టిగా పొడిచింది. మళ్ళీ పొడిచింది.

"చచ్చిందా ఇది?"

"లేదు. వాగుతూనే ఉంటుంది. వినేవాళ్ళు లేరు."

ఎలెన్కా మొగుడు పోయాక మొదటిసారి పకపకా నవ్వింది. త్సోనా నవ్వలేదు.

"అక్రోటు కొమ్మలు నా పెరట్లోకి వచ్చాయి కాబట్టే నరికాను," అంది.

"అది వేరే సంగతి. దాని మీద ఇంకా పోట్లాడుకుందాం," అంటూ దోబ్రినా ప్రింటు నొక్కింది. ఈసారి తెర చూసి నొక్కింది.

ఎలెన్కా, త్సోనా కాగితాలు తీసుకుని బయటికి నడిచారు. దోబ్రినా గేటు మీద, త్సోనా ఆ రోజు ఆనుకుని అరిచిన చోటే, చలికాలంలో తల్లి పోయినప్పుడు అంటించిన మింకా కాగితం ప్లాస్టిక్ తొడుగులో ఇంకా ఉంది. అదీ ఈ ల్యాప్‌టాప్ మీద చేసిందే. కొట్టుకు వెళ్ళే ప్రతివాళ్ళూ దాని పక్కనుంచే వెళ్ళాలి. దుఃఖిస్తున్నవారు: కొడుకు, కోడలు, మనవలు, ఆ తర్వాత ఖాళీ. మింకాకు ఉన్న ఒక్కగానొక్క కూతురు దోబ్రినా పేరు అందులో లేదు.