యేసమ్మ విన్న మోత

2012, శ్రావణ మాసం, రెండో మంగళవారం, పగలు పదకొండు దాటి పది నిమిషాలు. టైం ఇంత కచ్చితంగా ఎలా తెలుసంటే, స్విచ్ కట్టేసింది నేనే.

దయ్యాలు, గాలి సోకడాలు నేను ఏనాడూ నమ్మలేదు. నాచారంలో మిల్లు పని చేసి బతికినవాణ్ణి. యాభై దాటాక అక్షరాలు నేర్చాను. ఇన్నాళ్లూ ఇది రాయకపోవడానికి అక్షరాలు అడ్డం కాదు, సిగ్గు అడ్డం.

మా డాబా మీద సెల్ టవర్ ఉండేది. వెనకింటి యేసమ్మ నేను పనిచేసిన మిల్లులోనే మగ్గాల దగ్గర పనిచేసింది. ఆ మోతకు రెండు చెవులూ పూర్తిగా పోయాయి. పక్కన పళ్లెం పడ్డా తిరిగి చూసేది కాదు. అలాంటి మనిషి, టవర్ వచ్చినప్పటినుంచి తలలో ఒకటే మోత, నిద్ర లేదు అనేది. ఎవరూ నమ్మలేదు. కూతురు సునీత తిరిగి తిరిగి అర్జీ పెడితే, రేడియేషన్ కొలవడానికి ఇద్దరు ఇంజనీర్లు వచ్చారు.

ఎక్కువ వస్తే టవర్ తీసేస్తారు, కిరాయి పోతుంది. అదీ నా భయం. టవర్ గది తాళంచెవి నా దగ్గర ఒకటి ఉండేది. జీపు సందులోకి తిరగగానే పైకెక్కి కరెంటూ బ్యాటరీ రెండూ కట్టేశాను.

ఆ గది తలుపులోంచి వాళ్ల వాకిలి కనబడుతుంది. యేసమ్మ నాకు వీపు పెట్టి, తల పట్టుకుని మంచం మీద కూర్చుంది. స్విచ్ కట్టేయగానే చేతులు దించింది.

"బిడ్డా, ఆగింది! మోత ఆగింది!"

"నీకు ఉరుమే ఇనపడది, మోతెట్ల ఇనపడ్డదే అమ్మా?" అని సునీత నవ్వింది.

నేను దిగి వాళ్ల వాకిట్లోకి వెళ్లాను. ఇంజనీర్లు మీటరు పట్టుకుని మూలమూలా తిరిగారు.

"లిమిట్ కన్నా మస్తు తక్కువున్నది. ముసలామెను దవాఖానల సూపియ్యిన్రి" అన్నాడు పెద్దాయన.

"మిల్లు మూతపడ్డా మా అక్క మగ్గం ఇంక నడుస్తనే ఉన్నది సారూ" అని నేనే అన్నాను.

అందరూ నవ్వారు. యేసమ్మకు వినబడలేదు. మా మొహాలు చూసి తనూ నవ్వింది. "నిద్రొస్తున్నది తమ్మీ" అని నాతోనే చెప్పి, మంచం మీద ఒరిగి నిద్రపోయింది.

జీపు వెళ్లిపోయాక పైకెక్కి స్విచ్ వేశాను. నిద్రపోతున్న మనిషి చెవులు మూసుకుని లేచి కూర్చుంది. కట్టేశాను, చేతులు దించింది. మళ్లీ వేశాను, మళ్లీ మూసుకుంది. అంత చూసీ చాలక మూడోసారి కూడా చేశాను. ఆఖరికి వేసే ఉంచి కిందికి దిగాను.

రీడింగ్ కాగితం చూసి డాక్టర్లు నిద్రమాత్రలు రాశారు. మోత అంటే సునీత కసిరేది. కొన్నాళ్లకు యేసమ్మ ఆ మాట ఎత్తడమే మానేసింది.

తర్వాత ఒక చెవి డాక్టరును అడిగాను. చెవుడున్నవాళ్లకు అలాంటి మోత ఉంటుందన్నాడు. మరి నేను స్విచ్ కట్టేసినప్పుడల్లా ఎలా ఆగిందని అడగలేదు. అడిగితే నేను చేసింది చెప్పాలి. ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు.

ఆ రోజు ఉన్నవాళ్లు: ఇంజనీర్లు ఇద్దరు, పేర్లు తెలియవు. సునీత. చూడవచ్చిన పక్కింటి బాలమణి. మంచం మీద యేసమ్మ. స్విచ్ దగ్గర నేను, నర్సయ్య.