నాన్నమ్మ గవ్వలు, చిన్నాన్న రాక్షసుడు

మొన్న సోనారిలో మా ఇంట్లో ఫ్రిజ్ కింద చీపురు పెట్టి లాగితే, దుమ్ముతో పాటు నీలం రంగు పాచిక ఒకటి దొర్లుకుంటూ వచ్చింది. ఇరవై ముఖాల పాచిక. మా మనవరాలిది. సెలవులకు వచ్చిన దగ్గర్నుంచీ నలుగురు స్నేహితుల్ని పోగేసి, నా భోజనాల బల్లను ఆక్రమించుకుని, ఒకడు మాంత్రికుడని, ఒకతె గజదొంగ అని చెప్పుకుంటూ కథ ఆడుకుంటున్నారు. పక్కింటావిడ కాసేపు నిలబడి చూసి, నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి, "పాచికలేమిటండీ, పిల్లలు జూదం నేర్చుకుంటున్నారా? పైగా దయ్యాలూ భూతాలూ అంటున్నారు" అని గుసగుసలాడింది. మొదట నవ్వొచ్చింది. ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది. ఇలాంటి మాట చిన్నప్పుడు మా గడపలో కూడా విన్నాను. అప్పుడు అన్నవాళ్ళు గుసగుసలాడలేదు, అరిచారు.

ఎనభైల మొదట్లో సంగతి. ఇదే ఉక్కు కార్ఖానా ఊళ్ళో, సువర్ణరేఖ నది దగ్గరి బస్తీ భుయ్యాడీహ్‌లో రెండు గదులూ ఒక వరండా ఉన్న ఇల్లు మాది. అమ్మా నాన్నా నేనూ కాక నాన్నమ్మ, పెళ్ళికాని చిన్నాన్న ఉండేవాళ్ళు. సాక్చీ బజారులో పాత పుస్తకాల బండి కనిపిస్తే చిన్నాన్నకు కాళ్ళు ముందుకు పడేవి కావు. అలా ఒకరోజు అట్ట ఊడిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి తెచ్చాడు. నిండా అంకెలూ పట్టికలే కాబట్టి బండివాడు దాన్ని లెక్కల పుస్తకం కింద అమ్మాడు. లెక్కల పుస్తకంలో కొమ్ముల జంతువులెందుకుంటాయని చిన్నాన్నకు అనుమానం వచ్చి, తల ఎత్తకుండా చదివి, చివరికి ఇదొక ఆట అని తేల్చాడు. ఒకరు ఒక లోకాన్ని చెబుతారు. మిగతావాళ్ళు ఆ లోకంలో ఎవరో ఒకరై, తామేం చేస్తారో నోటితో చెబుతారు. అనుకున్నది జరిగిందో లేదో పాచికలు తేలుస్తాయి. ఆ రకం పాచికలు మా ఊళ్ళో ఎక్కడ దొరుకుతాయి? నాన్నమ్మ డబ్బాలో ఆరు గవ్వలున్నాయి. నాలుగు గానీ అంతకన్నా ఎక్కువ గానీ వెల్లకిలా పడితే పని జరిగినట్టు, లేకపోతే లేనట్టు. చిన్నాన్న పెట్టిన చట్టం అంతే. పుస్తకంలోని పట్టికలన్నీ అటకెక్కాయి.

ఆదివారం మధ్యాహ్నాలు వరండాలో ఆట. నాన్నమ్మ దగ్గర ముగ్గుపిండి తీసుకుని చిన్నాన్న గచ్చు మీద గుహలు గీసేవాడు, సొరంగాలు గీసేవాడు. నేను, ఎదురింటి పిన్ని కొడుకు బుడ్డోడు, హిందీ మాట్లాడే ఇంకో ఇద్దరు పిల్లలు చుట్టూ కూర్చునేవాళ్ళం. "దర్వాజా ఖులా. అందర్ అంధేరా. అబ్ క్యా కరోగే?" తలుపు తెరిచి ఉంది, లోపల చీకటి, ఇప్పుడేం చేస్తారు అని అడిగేవాడు చిన్నాన్న. అంతవరకు మమ్మల్ని ఏం చేస్తారని అడిగినవాళ్ళు లేరు. ఏం చెయ్యాలో చెప్పినవాళ్ళే అందరూ.  ఆ ప్రశ్న వినగానే మా ఎదురుగా నిజంగానే చీకటి తలుపొకటి తెరుచుకున్నట్టుండేది. నోట్లోంచి నిప్పులు కక్కే పెద్ద రాక్షసుడు ఒకడున్నాడని చిన్నాన్న చెబితే మాకు కొత్తేమీ అనిపించలేదు. నాన్నమ్మ అడ్డపొగ కాల్చేది మరి. వెలుగుతున్న చుట్ట కొనను నోటి లోపల పెట్టుకుని, ముక్కుల్లోంచి పొగ వదులుతూ గవ్వలు వేసే మనిషి ఇంట్లో ఉండగా, నిప్పు నోట్లో ఎలా ఉంటుందని మేమెందుకు అడుగుతాం? సాయంత్రమయ్యేసరికి కార్ఖానావాళ్ళు ఇనుము తీశాక కొలిమిలో మిగిలే కరిగిన చిట్టెం పారబోస్తే ఆకాశం ఒక్కసారిగా ఎర్రబడేది. "లేచాడు" అనేవాడు చిన్నాన్న. మేము ఒకరి వెనక ఒకరం దాక్కునేవాళ్ళం.

నాన్నమ్మ మొదట్లో గవ్వలకు కాపలాగా కూర్చునేది, ఎక్కడ పోగొడతామోనని. ఒకరోజు వంతెన మీద అడ్డంగా నిలబడ్డ భూతాన్ని ఎలా చంపాలా అని మేము కొట్టుకుంటుంటే, చుట్ట తీసి, "ఒరే, ఆడు తిండి తిన్నాడో నేదో అడిగినారా?" అంది. చిన్నాన్న బిత్తరపోయాడు. సరే, గవ్వలు వెయ్యమన్నాడు. అయిదు వెల్లకిలా పడ్డాయి. ఆ భూతం మేము పెట్టిన చద్దన్నం తిని, మా మూటలు మోసుకుంటూ వెనకాల వచ్చింది. ఊళ్ళో ఎవరినీ నోరెత్తనివ్వని నాన్నమ్మలో ఇంత జాలి ఎక్కడుందో మాకు అర్థం కాలేదు. ఆ రోజు నుంచి రాక్షసులందరి గొంతూ ఆవిడే.

ఒక ఆదివారం మేము నిప్పుల రాక్షసుడి గుహ చేరాం. అందరికన్నా ముందు బుడ్డోడు దూరాడు. గుహ తలుపు వాడి వెనకాల మూసుకుపోయింది. సరిగ్గా అక్కడ వాడికి ఒళ్ళు కాలిపోతోందని నాన్నమ్మ చెయ్యి వేసి చూసి, ఆట ఆపి ఇంటికి పంపేసింది. జ్వరం తగ్గలేదు. టైఫాయిడ్ అన్నారు, పెద్దాసుపత్రిలో చేర్చారు. అక్కడ వాడు స్పృహ లేకుండా కలవరించడం మొదలెట్టాడు. "గవ్వలెయ్యండి, నిప్పులోడు ఒచ్చీసినాడు, తలుపు తియ్యండి" అని. మంచం పక్కన కూర్చున్న తల్లి ఆ మాటలు వింది. గవ్వలు ఎవరింట్లో ఉన్నాయో, ముగ్గులు ఎవరి వరండాలో వేస్తున్నారో, నోట్లో నిప్పు ఎవరు పెట్టుకుంటారో ఆవిడకు తెలుసు.

తర్వాతి ఆదివారం పిన్ని మా గడపలోకి వచ్చింది. వెనక ఏడెనిమిది మంది. "ముసిలీ, నా కొడుక్కి చిల్లంగి ఎట్టినావే!" అని అరిచింది. వెనకున్న వాళ్ళలో ఎవడో "డాయన్" అన్నాడు. మంత్రగత్తె అని ఆ మాట పడ్డ ముసలివాళ్ళను ఆ చుట్టుపక్కల ఏం చేసేవారో నాకు ఆ వయసుకే తెలుసు. నాన్న డ్యూటీలో ఉన్నాడు. అమ్మ నన్ను గట్టిగా పట్టుకుంది. చిన్నాన్న లోపలికి పరిగెత్తి పుస్తకం తెచ్చి, "యే తో ఖేల్ హై, ఇది ఆటే" అంటూ విప్పాడు. పాపం, విప్పడం విప్పడం కొమ్ముల జంతువు బొమ్మ దగ్గరే విప్పాడు. ఒకడు కర్ర పైకెత్తాడు.

నాన్నమ్మ లేవలేదు. చుట్ట తీసి గచ్చుకు నలిపి ఆర్పింది. ముగ్గుపిండితో గచ్చు మీద గుహ గీసి, గవ్వలు పిన్ని కాళ్ళ దగ్గర పెట్టింది.

"కూకో. నీ కొడుకు ఏ ఆట ఆడినాడో సూడు, తరవాత నన్ను కొట్టు. ఆడు గుహలో ఉండిపోనాడు. తలుపు మూసీసింది. మాం ఆట ఆపీసినాం గాని ఆడు ఇంకా అక్కడే ఉన్నాడు, అందుకే అరుత్తన్నాడు. నువ్వు తల్లివి. ఏటి సేత్తావు?"

పిన్ని నిలబడే ఉంది. "తలుపు బద్దలు కొడతాను" అంది. కోపంగానే అంది. నాన్నమ్మ గవ్వలు వేసింది. రెండే పడ్డాయి. "విరగనేదు. మరేటి సేత్తావు?" పిన్ని కూలబడింది. "మళ్ళీ ఎయ్యి" అంది. "మళ్ళీ ఎయ్యడాల్లేవు. నువ్వు వేరే ఏదైనా సెయ్యాల." వెనక నుంచి కర్ర పట్టుకున్నవాడే ముందుకు వంగి, "అరే సామ్‌నే సే మత్ జా, పీఛే సే జా!" అని వెనక దారిన వెళ్ళమన్నాడు. పక్కవాడు వాణ్ణి కసిరాడు, వెనక కూడా బండే ఉంటుందని. తిట్టడానికి వచ్చినవాళ్ళు ముగ్గు తొక్కకుండా చుట్టూ చేరి కూర్చున్నారు. పిన్ని ఎవరి మాటా వినలేదు. నాన్నమ్మ కళ్ళలోకి చూస్తూ, "ఆడితో మాటాడతాను. బాబూ, నీకూ తల్లుంటాది గదా. నన్నుంచుకో, ఆణ్ని ఒగ్గీ" అంది. చెప్పి భోరున ఏడ్చింది. నాన్నమ్మ గవ్వలు తీసి వేసింది.  ఆరూ వెల్లకిలా పడ్డాయి.

"తలుపు తెరిసేసినాడు" అంది నాన్నమ్మ, రాక్షసుడి గొంతుతో కాకుండా తన గొంతుతోనే.

పిన్ని అట్నుంచి అటే ఆసుపత్రికి పోయి, కొడుకు చెవిలో, "నువ్వు బయటికొచ్చీసినావు, నానే తెచ్చీసినాను" అని చెప్పిందట. వాడి జ్వరం తగ్గించింది మందులే. ఆ విషయంలో నాకు ఏ భ్రమలూ లేవు. కానీ కలవరింత మాత్రం ఆ సాయంత్రం నుంచే తగ్గిందని పిన్ని బతికున్నంతకాలం చెప్పింది. కళ్ళు తెరిచాక వాడు అడిగిన మొదటి మాట, "నిప్పులోణ్ని సంపీసినావా?" అనట. "నేదురా, అడిగినాను" అందట. ఆ తర్వాత ఆదివారాలు పిన్ని మా వరండాలో అందరికన్నా ముందే వచ్చి కూర్చునేది.

పక్కింటావిడకు ఇదంతా చెప్పలేదు. పాచిక కడిగి బల్ల దగ్గరికి తీసుకెళ్ళి, పిల్లల మధ్య కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మనవరాలు నా వైపు తిరిగి, "నీ ముందు ఒక తలుపుంది అమ్మమ్మా, ఏం చేస్తావు?" అంది.  నాన్నమ్మ, చిన్నాన్న, పిన్ని, ఆ వరండా, అందరినీ కాలం ఒక్క మాటైనా అడగకుండా పట్టుకుపోయింది. ఏం చేస్తావని నన్ను ఆగి అడిగింది ఆ ఆట ఒక్కటే.